ఇంటింటి ఆరోగ్యం: చిగుళ్ల జబ్బుకు రక్తపు గ్రూపు కారణమా?

పాల్వంచ దాటి భద్రాచలం వెళ్లే దారిలో, అడవి అంచున ఉన్న ఒక గ్రామం నుంచి ఒక సోదరి ఈ శీర్షికకు ఉత్తరం రాశారు. ఉత్తరం చిన్నదే గాని అందులో మూడు తరాల పళ్ల కథ ఉంది. ఆమె అత్తగారికి యాభై ఏళ్లు నిండకముందే పళ్లన్నీ ఊడిపోయాయి. భర్త వయసు నలభై రెండు. కింది వరుసలో ముందుపళ్లు రెండు అప్పుడే కదులుతున్నాయి. ఇప్పుడు పదిహేనేళ్ల కొడుకు వుజూ చేస్తూ పుక్కిలించిన ప్రతిసారీ నీళ్లలో ఎర్రచార కనిపిస్తోంది. ముగ్గురిదీ ఓ పాజిటివ్ రక్తం. ఓ గ్రూపు వాళ్ల చిగుళ్లు అంతేనని, అది పరిశోధనల్లో తేలిందని బంధువుల్లో చదువుకున్న ఒకాయన చెప్పారట. “రక్తంలోనే ఉన్నప్పుడు వంద కిలోమీటర్లు పోయి ఖమ్మంలో చూపించుకొని ఏం లాభం అని మావారు అంటున్నారు. పోవాలా, వద్దా?” అని ఆ సోదరి అడిగారు. చివర మరో చిన్న ప్రశ్న చేర్చారు: రక్తం కనిపిస్తే అబ్బాయి వుజూ నిలుస్తుందా?

చిన్న ప్రశ్నకు ముందు జవాబు చెబుదాం. హనఫీ ఫిక్‌హ్ ప్రకారం ఉమ్మిలో రక్తం పాలు ఎక్కువై అది ఎర్రగా కనిపిస్తే వుజూ భంగమవుతుంది. ఉమ్మి పాలే ఎక్కువై కాస్త పసుపుపచ్చగా మాత్రమే ఉంటే భంగం కాదు. ఉపవాసంలో ఉన్నప్పుడు అటువంటి రక్తాన్ని మింగడం గురించి కూడా నియమాలున్నాయి. మీ అబ్బాయి పరిస్థితిని మీ మస్జిదు ఇమాముగారికి వివరించి స్పష్టంగా తెలుసుకోండి. వైద్యం వైపు నుంచి చెప్పవలసింది ఒక్కటే. ఆరోగ్యంగా ఉన్న చిగురు పుక్కిలించినంత మాత్రాన రక్తం కార్చదు. రోజుకు ఐదుసార్లు వుజూ చేసే ఇంట్లో జబ్బు ఇంత తొందరగా కంటపడింది. వేరొకరి ఇంట్లో ఇది సంవత్సరాల తరబడి ఎవరూ గమనించకుండానే సాగిపోయేది.

ఇక పెద్ద ప్రశ్న. పోవాలి సోదరీ, తప్పక పోవాలి. ఎందుకో చెప్పే ముందు మీ బంధువుకు న్యాయం చేయవలసి ఉంది. ఆయన చెప్పింది గాలివాటు మాట కాదు. అటువంటి పరిశోధనలు నిజంగానే ఉన్నాయి.

ఎ, బి, ఓ రక్తపు గ్రూపులను 1901లో వియన్నా నగరంలో కార్ల్ లాండ్‌స్టైనర్ అనే శాస్త్రవేత్త గుర్తించాడు. ఎబి గ్రూపు మరుసటి ఏడాది బయటపడింది. అప్పటిదాకా రక్తం ఎక్కించడం జూదం లాంటిది. ఒకరు బతికేవారు, మరొకరు అక్కడికక్కడే చనిపోయేవారు. ఆ కృషికి ఆయనకు 1930లో నోబెల్ బహుమతి లభించింది. ఇంతకూ గ్రూపు అంటే ఏమిటి? ఎర్ర రక్తకణం ఉపరితలం మీద ఉండే కొన్ని చక్కెర గొలుసుల గుర్తు. ఒక రకం గొలుసు ఉంటే ఎ, ఇంకొక రకం ఉంటే బి, రెండూ ఉంటే ఎబి. ఈ రెండూ లేకుండా, వాటికి ఆధారమైన మూల గొలుసు మాత్రమే ఉంటే ఓ. ఈ గుర్తులు రక్తానికే పరిమితం కావు. ప్రతి పదిమందిలో దాదాపు ఎనిమిది మంది లాలాజలంలో కూడా ఇవి ఉంటాయి. నోటిలోని సూక్ష్మక్రిములలో కొన్ని ఇటువంటి చక్కెరలను పట్టుకొనే అతుక్కుంటాయి. కాబట్టి గ్రూపును బట్టి నోటిలో చేరే క్రిములు మారవచ్చేమో, దానిని బట్టి చిగుళ్ల స్థితి కూడా మారవచ్చేమో అని శాస్త్రవేత్తలు అనుమానించడంలో తప్పు లేదు.

రక్తపు గ్రూపుకూ కొన్ని వ్యాధులకూ సంబంధం ఉందన్నది రుజువైన విషయమే. ఓ గ్రూపు వారికి చిన్నపేగు మొదటి భాగంలో పుండ్లు కొంత ఎక్కువగా వస్తాయని 1950లలోనే తెలిసింది. ఓ గ్రూపు వారికి కలరా సోకితే తీవ్రంగా ఉంటుంది. మరోవైపు అదే ఓ గ్రూపు వారికి మలేరియా ప్రాణం మీదికి తెచ్చే అవకాశం తక్కువ. భద్రాచలం ఏజెన్సీలో మలేరియాను తరతరాలుగా చూసిన వారికి ఇది ఆసక్తి కలిగించే సంగతి. ఒక గ్రూపు మంచిదనీ మరొకటి చెడ్డదనీ లేదు. అల్లాహ్ ఒకచోట తక్కువ చేసినట్లు కనిపించినది మరొకచోట కాపు కాస్తూ ఉంటుంది.

మరి చిగుళ్ల సంగతి? కర్ణాటకలో వెయ్యిమందికి పైగా రోగులను పరిశీలించి 2010లో ప్రచురించిన ఒక అధ్యయనంలో చిగుళ్ల వాపు ఉన్నవారిలో ఎ గ్రూపు వారు, ఎముక దాకా పోయిన జబ్బు ఉన్నవారిలో ఓ గ్రూపు వారు కొంత ఎక్కువగా కనిపించారు. ఎబి వారు అన్నింటా తక్కువ. అంతకు కొద్దికాలం ముందు టర్కీలో జరిగిన పరిశీలనలోనూ దాదాపు ఇదే తీరు కనిపించింది. మీ బంధువు చెప్పింది బహుశా ఇదే. అయితే అంతకుముందు అమెరికాలో, చిన్న వయసులోనే తీవ్రమైన చిగుళ్ల జబ్బు వచ్చినవారిని పరిశీలిస్తే ఓ గ్రూపు వారు తక్కువగా, బి గ్రూపు వారు ఎక్కువగా తేలారు. సంబంధమేమీ కనిపించని అధ్యయనాలు కూడా ఉన్నాయి. ఒకచోట దోషిగా నిలిచిన గ్రూపు ఇంకొకచోట నిర్దోషి అయిందంటే ఆ సాక్ష్యాన్ని నమ్మి తీర్పు చెప్పలేము.

ఇటువంటి లెక్కలలో ఇంకొక చిక్కు ఉంది. మన ప్రాంతంలో ఓ, బి గ్రూపుల వారు ఎక్కువ. ఎబి వారు చాలా తక్కువ. ఒక ఊళ్లో నూటికి నలభై మంది ఓ గ్రూపు వారు ఉన్నారనుకుందాం. పంటి వైద్యుని వద్దకు వచ్చిన వంద మందిలోనూ నలభై మంది ఓ గ్రూపు వారే ఉంటారు. ఆ నలభైని చూసి ఓ వారికే జబ్బు ఎక్కువ అనుకోవడం సులభం. వైద్యుని వద్దకు రానివారిని లెక్కించేవారు లేరు కదా! పైగా వచ్చినవారిలో ఎవరు బీడీ కాలుస్తారు, ఎవరికి చక్కెర వ్యాధి ఉంది, ఎవరి వయసు ఎంత అన్నవి సరిచూడకపోతే గ్రూపు మీద పడిన నింద వేరొకరిది కావచ్చు.

ఇప్పుడు ఎవరి గ్రూపుతోనూ పని లేకుండా జరిగిన ఒక పరీక్షను చెబుతాను. డెన్మార్క్‌లోని ఆర్హస్ నగరంలో హెరాల్డ్ లో అనే దంతవైద్య పండితుడు, తన సహచరులతో కలిసి, చిగుళ్లు ఆరోగ్యంగా ఉన్న పన్నెండు మందిని పళ్లు తోముకోవడం పూర్తిగా మానేయమన్నారు. వారిలో ఎక్కువమంది దంతవైద్య విద్యార్థులే. ఆ ఫలితాలు 1965లో వెలువడ్డాయి. కొందరికి పది రోజులకే, ఆలస్యమైనవారికి మూడు వారాలకు చిగుళ్లు వాచాయి. ఒక్కరూ తప్పించుకోలేదు, పన్నెండుకు పన్నెండు మంది. తర్వాత మళ్లీ తోముకోమన్నారు. దాదాపు ఒక వారంలో చిగుళ్లన్నీ మామూలు స్థితికి వచ్చాయి. చిగుళ్ల వాపుకు కారణం పంటి మొదట్లో పేరుకొనే పాచి అని, దానిని తీసేస్తే తగ్గుతుందని ఇంతకంటే తేటతెల్లంగా చెప్పిన ప్రయోగం మరొకటి లేదు. పదిహేనేళ్ల మీ అబ్బాయికి ఈ దశలోనే ఉంటే అది ఎంత శుభవార్తో చూడండి.

అలాగని వంశపారంపర్యం ఏమీ లేదని కాదు. ఆ పండితుడే శ్రీలంక తేయాకు తోటలలోని 480 మంది కూలీలను 1970 నుంచి 1985 వరకు గమనించాడు. వారికి పళ్లు తోముకునే అలవాటు లేదు, దంతవైద్యం అంటే ఏమిటో తెలియదు. అందరి నోట్లోనూ పాచి, గార పేరుకొని ఉన్నాయి. అయినా అందరి గతీ ఒకటి కాలేదు. నూటికి 8 మందికి జబ్బు వేగంగా ముదిరి, నలభై అయిదేళ్లు వచ్చేసరికి దాదాపు పళ్లన్నీ పోయాయి. 81 మందికి మెల్లగా ముదిరింది. మిగిలిన 11 మందికి చిగుళ్ల వాపు వరకే గాని ఎముక దాకా పోలేదు. నోటిలో మురికి ఒకటే అయినా శరీరం దానిని ఎదుర్కొనే తీరు మనిషికి మనిషికి వేరు. కవలలపై జరిగిన అధ్యయనాలను బట్టి పెద్దల చిగుళ్ల జబ్బులో కనిపించే తేడాలలో సుమారు సగం వారసత్వం నుంచి వస్తుందని అంచనా. ‘రక్తంలో ఉంది’ అన్న మీ వారి మాటలో ఉన్న సత్యం ఇదే. కాని ఆ వారసత్వం అనేక జన్యువులలో పరచుకొని ఉంది; రక్తదాన శిబిరంలో ఇచ్చే చీటీ మీద ఆ సంగతి రాసి ఉండదు. తల్లిదండ్రులకు చిన్నవయసులో పళ్లు ఊడిన ఇంట్లో పిల్లలను ఇంకా ముందుగా, ఇంకా తరచుగా చూపించవలసి ఉంటుంది. మీ వారు అదే కారణం చెప్పి మానేద్దాం అంటున్నారు. లెక్క తలకిందులైంది.

ఇక్కడ హజ్రత్ ఉమర్ (రజి) జీవితంలోని ఒక ఘట్టం గుర్తుకు వస్తోంది. హిజ్రీ 18 ప్రాంతంలో ఆయన షామ్ దేశానికి బయలుదేరి సర్గ్ అనే చోటికి చేరేసరికి అక్కడ ప్లేగు వ్యాపించిందన్న వార్త అందింది. సహచరులతో సంప్రదించి వెనుదిరగాలని నిర్ణయించారు. అల్లాహ్ రాసిన విధి నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. పచ్చగా ఉన్న లోయ ఒడ్డున ఒంటెలను మేపినా, ఎండిపోయిన ఒడ్డున మేపినా రెండూ అల్లాహ్ విధిలోని భాగాలేనని, తాము ఒక విధి నుంచి మరొక విధి వైపే పోతున్నామని ఉమర్ (రజి) బదులిచ్చారు. రక్తపు గ్రూపు మనం ఎంచుకున్నది కాదు. అలాగే ఖమ్మం వెళ్లే బస్సు, అక్కడి వైద్యుడు, ఇంట్లోని మిస్వాకు కూడా మన విధిలో ఉన్నవే.

మరి ఒకే ఇంట్లో ముగ్గురికి ఎందుకు వచ్చింది? ఆ ఇంట్లోకి తొంగి చూడవలసి ఉంటుంది. ఉత్తరంలో ఒక వాక్యం ఉంది: అత్తగారు జీవితమంతా బొగ్గుపొడితో, ఉప్పుతో తోముకున్నారట. బొగ్గుపొడి, బూడిద, ఇటుకపొడి పంటి పైపొరను గీస్తాయి, చిగురును వెనక్కు నెడతాయి, పంటికీ చిగురుకూ మధ్య ఉన్న సందులోని పాచిని మాత్రం కదిలించవు. మన సరిహద్దుకు అవతల ఛత్తీస్‌గఢ్ గ్రామాలలో గుడాఖు అని పొగాకు, బెల్లం కలిపిన ముద్దతో పళ్లు తోముకునే అలవాటు ఉంది. అది ఇటువైపు సంతలకు కూడా చేరుతుంది. అది పళ్లపొడి కాదు, పొగాకే.

పొగాకు మాట వచ్చింది కాబట్టి కాస్త ఆగుదాం. ఎండాకాలంలో తునికాకు సేకరణ భద్రాచలం అడవుల్లో ఎన్నో కుటుంబాలకు నాలుగు రూకలు తెచ్చే పని. ఆ ఆకు చివరికి బీడీగా మారి మళ్లీ మన ఊళ్లకే వస్తుంది. బీడీ, సిగరెట్టు, జర్దా పాన్, గుట్కా, ఏ రూపంలో పొగాకు నోట్లోకి వెళ్లినా చిగుళ్ల జబ్బును పెంచుతుంది. పొగ తాగేవారి విషయంలో ఒక మోసం ఉంది. పొగాకులోని నికొటిన్ చిగుళ్లలోని సన్నని రక్తనాళాలను కుదిస్తుంది. దానివల్ల జబ్బు లోపల ముదురుతున్నా పైకి రక్తం రాదు. పిల్లవాడికి రక్తం వస్తోంది కాబట్టి తల్లి కంగారు పడింది, తండ్రికి రక్తం రాదు కాబట్టి తనకేమీ లేదనుకున్నాడు. పళ్లు కదులుతున్నది మాత్రం తండ్రికే! మీ వారికి బీడీ అలవాటు ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే ఈ పేరా ఆయనకు చదివి వినిపించండి.

రెండవ అనుమానితుడు చక్కెర వ్యాధి. నలభై దాటిన వ్యక్తికి పళ్లు కదులుతున్నాయంటే వైద్యుడు మొదట అడగవలసిన రక్తపరీక్ష చక్కెరదే, గ్రూపుది కాదు. చక్కెర అదుపులో లేకపోతే చిగుళ్ల జబ్బు ముదురుతుంది. చిగుళ్లలో నిరంతరం వాపు ఉంటే చక్కెర అదుపు తప్పుతుంది. ఒకదానినొకటి ఎగదోసుకుంటాయి. చిగుళ్లకు సరైన చికిత్స చేయిస్తే మూడు నాలుగు నెలల్లో హెచ్‌బిఎ1సి విలువ సుమారు 0.4 వరకు తగ్గుతున్నట్లు అనేక అధ్యయనాలను క్రోడీకరించినప్పుడు తేలింది. అది ఒక మాత్ర చేసే పనికి దగ్గరగా వచ్చే మేలు. అత్తగారికి చక్కెర వ్యాధి ఉండేదా అన్నది కూడా గుర్తు చేసుకోండి. మూడు తరాలలో నడిచింది గ్రూపు కాకుండా ఇదే కావచ్చు.

గర్భిణులకు కూడా చిగుళ్లు వాచి రక్తం కారుతుంది. అది హార్మోన్ల ప్రభావం. తోముకోవడం ఆపకూడదు. పంటి వైద్యునికి గర్భం సంగతి చెప్పి చూపించుకోవచ్చు.

రక్తానికీ చిగుళ్లకూ సంబంధం నిజంగా ప్రాణాంతకమైన చోటు ఒకటుంది. దానిని మాత్రం అందరూ గుర్తుంచుకోవాలి. వానాకాలంలో జ్వరంతో ఉన్న మనిషికి చిగుళ్ల నుంచి రక్తం వస్తే అది పాచి వల్ల అనుకోకండి. డెంగ్యూలో రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి రక్తం రావడం ప్రమాద సూచన. ఆ రోజే ఆసుపత్రికి చేర్చాలి. ఈలోగా ఆస్పిరిన్, బ్రూఫెన్ వంటి మాత్రలు వేయకూడదు. అలాగే ఏమీ తాకకుండానే చిగుళ్ల నుంచి రక్తం ఊరుతూ, ఒంటి మీద నీలి మచ్చలు, పాలిపోవడం, ఆగని నీరసం కూడా ఉంటే రక్తకణాల పరీక్ష చేయించాలి. మీ అబ్బాయికి ఇవేవీ లేవని రాశారు, అల్‌హమ్దులిల్లాహ్.

గ్రూపు గురించి మరో మాట చెప్పకుండా ముందుకు పోలేను. ఇటువంటి మాటలు చివరికి పెళ్లి సంబంధాల దాకా పోతాయి. అబ్బాయిది, అమ్మాయిది ఒకే గ్రూపు అయితే సంతానానికి చేటు అన్న భయం మన ఇళ్లలో ఉంది. అందులో నిజం లేదు. తల్లిది నెగటివ్, బిడ్డది పాజిటివ్ అయినప్పుడు మాత్రం జాగ్రత్త అవసరం. దానికి గర్భిణికి ఇచ్చే యాంటీ-డి ఇంజెక్షను ఉంది. పెళ్లికి ముందు రక్తం గురించి అడగాలనుకుంటే అడగవలసినది వేరు: తలసీమియా, సికిల్‌సెల్. ఖమ్మం ప్రాంతంలో తలసీమియా వల్ల తరచుగా రక్తం ఎక్కించుకోవలసిన పిల్లలున్న కుటుంబాలు ఉన్నాయి. భద్రాచలం అడవి ప్రాంతంలో సికిల్‌సెల్ లక్షణం కలవారు ఉన్నారు. దాని నిర్మూలనకు కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న జాతీయ కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. దంపతులిద్దరిలోనూ ఒకే లోపం దాగి ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం బిడ్డకు పూర్తి జబ్బు రావడానికి ఉంటుంది. మామ కూతురు, పిన్ని కొడుకు సంబంధాలు చేసుకునే కుటుంబాలలో ఈ అవకాశం పెరుగుతుంది. ఎ, బి, ఓ చీటీ ఈ విషయం చెప్పదు. హిమోగ్లోబిన్ పరీక్ష చెబుతుంది.

ఇక ఇంట్లో చేయవలసినది. దైవప్రవక్త (స) మిస్వాకును ఎంతగా ఇష్టపడేవారో మనకు తెలుసు. ప్రతి నమాజుకూ దానిని తప్పనిసరి చేయకపోవడానికి కారణం అనుచరులకు భారమవుతుందన్న దయేనని హదీసుల ద్వారా తెలుస్తోంది. ఆయన చివరి ఘడియలలో కూడా చూపు మిస్వాకు మీదికి పోగా, హజ్రత్ ఆయిషా (రజి) ఆ చూపును గ్రహించి, తన సోదరుని చేతిలోని పుల్లను తీసుకొని, పంటితో మెత్తబరిచి అందించారు. మెత్తబరచడం అన్న ఆ చిన్న వివరాన్ని పట్టుకోండి. చాలామంది గట్టి పుల్లను అడ్డంగా రంపంలా లాగుతారు. దానితో చిగురు వెనక్కు పోయి పంటి వేరు బయటపడుతుంది. కొసను నీళ్లలో నానబెట్టి, కుంచెలా మెత్తగా అయ్యేదాకా నమిలి, చిగురు నుంచి పంటి కొస వైపు, పైనున్న పళ్లకు కిందికి, కిందున్న పళ్లకు పైకి నడపాలి. వాడిన కొసను కత్తిరించి కొత్త కొస చేసుకోవాలి. పుల్లతో ముందుపళ్లు బాగానే శుభ్రపడతాయి గాని దవడ పళ్ల లోపలి వైపు, వెనుక వైపు అందవు. గార అక్కడ కూడా పేరుకుంటుంది. అందుకని రాత్రి పడుకునే ముందు మెత్తని బ్రష్షు, ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో రెండు నిమిషాలు ప్రతి పంటి మొదలునూ తడుముతూ తోమాలి. వుజూకు మిస్వాకు, రాత్రికి బ్రష్షు. రెండింటికీ పోటీ లేదు. అరాక్ పుల్ల దొరకని చోట మన అడవి అంచున వేప, కానుగ పుల్లలకు కొదువ లేదు. కోయ పల్లెల్లో ఈ పుల్లలతోనే తెల్లవారుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 1980లలోనే మిస్వాకు అలవాటు ఉన్న ప్రాంతాలలో దానిని ప్రోత్సహించింది.

రక్తం వస్తోందని తోమడం మానేయడం అందరూ చేసే పొరపాటు. మానేస్తే పాచి పెరుగుతుంది, పాచి పెరిగితే రక్తం పెరుగుతుంది. మెత్తగా, ఓపికగా తోమితే మొదటి మూడు నాలుగు రోజులు రక్తం వచ్చినా తర్వాత తగ్గుముఖం పడుతుంది. రెండు వారాలైనా తగ్గకపోతే పాచి రాయిలా గట్టిపడి గారగా మారిందని అర్థం. గారను ఏ పుల్లా, ఏ బ్రష్షూ, ఏ చిట్కా వైద్యమూ తీయలేదు. వైద్యుడు పరికరంతో తీయవలసిందే. రంజాన్‌లో పగలు పేస్టు వాడటానికి సంకోచించేవారు సహరీ తర్వాత సమయం ముగిసేలోగా ఒకసారి, ఇషా తర్వాత పడుకునే ముందు మరోసారి బ్రష్షు చేసుకుంటే సరిపోతుంది. పగటిపూట మిస్వాకు ఉండనే ఉంది.

గార తీయించుకుంటే పళ్లు కదులుతాయని ఊళ్లలో గట్టి నమ్మకం. అది నమ్మి ఎంతమంది ఉన్న పళ్లు పోగొట్టుకున్నారో! జరిగేది ఇది: గార చిగురు కిందికి పాకి, పంటిని పట్టి ఉంచే ఎముకను కరిగిస్తూ పోతుంది. ఎముక పోయినా గార పళ్లను ఒకదానికొకటి సిమెంటులా అతికించి ఉంచుతుంది. దానిని తీయగానే అప్పటికే వదులైన పన్ను వదులుగా తెలుస్తుంది, సందులు కనిపిస్తాయి. కూలిన గోడకు ఆనించిన బోర్డును తీస్తే గోడ కూలింది బోర్డు తీయడం వల్ల కాదు కదా! తీసిన తర్వాత చిగురు బిగుసుకొని కొంత కదలిక తగ్గుతుంది కూడా. కరిగిన ఎముక మాత్రం చాలావరకు తిరిగి రాదు. అందుకే మీ వారికి చేయగలిగేది మిగిలిన ఎముకను కాపాడటం. మీ అబ్బాయికైతే ఎముక దాకా పోకముందే ఆపవచ్చు. ఒక్క హెచ్చరిక: పిల్లవాడి పళ్లు పైకి శుభ్రంగా ఉండి కూడా ఏ పన్నయినా కదులుతున్నట్లనిపిస్తే, లేదా ముందుపళ్ల మధ్య కొత్తగా సందు ఏర్పడితే ఒక్క వారం కూడా ఆగవద్దు. చిన్నవయసులో వేగంగా ముదిరే రకం కుటుంబాలలో నడుస్తుంది. ఎక్స్‌రే తీస్తే తెలిసిపోతుంది.

ఎక్కడికి పోవాలన్నారు. మీకు దగ్గరలోని ప్రభుత్వ ఏరియా ఆసుపత్రిలో దంతవైద్యులు ఏ రోజుల్లో ఉంటారో ముందు కనుక్కోండి. అబ్బాయి పని అక్కడే అయిపోవచ్చు. మీ వారి కదిలే పళ్లకు మాత్రం చిగుళ్ల నిపుణులు కావాలి. ఖమ్మంలో మమత దంత వైద్య కళాశాల ఉంది. ఇటువంటి బోధనాసుపత్రుల్లో చిగుళ్లకు ప్రత్యేక విభాగం ఉంటుంది, అధ్యాపకుల పర్యవేక్షణలో చికిత్స జరుగుతుంది. పొద్దున్నే చేరితే ఒకే రోజు ఇద్దరినీ చూపించుకొని తిరిగి రావచ్చు. వెళ్లే ముందు మీ వారికి చక్కెర పరీక్ష చేయించి ఆ కాగితం వెంట తీసుకెళ్లండి. రక్తం పలుచబడే మాత్రలు వాడుతూ ఉంటే చికిత్స మొదలుకాకముందే చెప్పండి. అబ్బాయి పేరు ముందు రాయించండి. అతని పని కాగానే తండ్రి కూర్చోవలసి వస్తుంది. కొడుకు చూస్తుండగా కాదనడం కష్టం.